చెదపురుగు

రంపం ఆగగానే అతని నోట్లో నీళ్లూరాయి. కోసిన చెక్క వాసన షెడ్డంతా కమ్ముకుంది. చొక్కా జేబులోంచి స్టీలు చెంచా తీసి పళ్ల మధ్య బిగించుకుని, నిచ్చెనకు మెట్లు దిగ్గొట్టసాగాడు. ఆపరేషన్ అయిన ఈ ఎనిమిది నెలలుగా ఆ చెంచాయే అతనికి దిక్కు.

నిచ్చెనల షెడ్డులో అందరూ అతన్ని చెదపురుగు అంటారు. అతనూ పలుకుతాడు. చిన్నప్పుడు పలక చట్రంతో మొదలైంది. తర్వాత బలపాలు, చీపురుపుల్లలు, గోడ సున్నం, చివరికి చెక్క. ఎందుకు తింటావంటే ఏం చెబుతాడు పాపం, ఆకలి ఎందుకేస్తుందో ఎవరైనా చెప్పగలరా? పెళ్లైన కొత్తలో మంచం కోడు అరిగిపోతుంటే, భార్య ఎలుకల పనే అనుకుని చెక్క బోను పెట్టింది. వారం తిరక్కుండా బోను మూల కూడా మాయమైంది. అప్పుడుగానీ ఎలుక ఎవరో ఆమెకు తెలియలేదు.

కడుపు కోసినప్పుడు గుప్పెడు చెక్క పేళ్లు తీశారు. ఇంకొక్కటి లోపలికి పోతే తన చేతుల్లో ఏమీ లేదన్నాడు డాక్టరు. ఆసుపత్రి మంచం పక్కనే భార్య తేల్చి చెప్పింది.

"నములుకో, నాక్కో, నీ ఇష్టం. గొంతు దిగిందా, నీకూ నాకూ మాటల్లేవ్."

"దిగదులేవే," అన్నాడు. ఆ మాట ఎంత బరువైందో చెంచా మీది గాట్లు చూస్తే తెలుస్తుంది.

ఆ ఉదయం కొత్త చెక్క లోడు దిగింది. చూపుకు బంగారంలా ఉంది, తడితే ఖంగుమంది. రంగులేసేవాళ్లకు సాయంత్రానికి నిచ్చెనలు పంపాలని యజమాని తొందర. చెదపురుగుకు మాత్రం మనసొప్పలేదు. చెంచా పక్కన పెట్టి, ఆ చెక్కలోంచి కోసిన ఒక మెట్టు చివర ఉలితో పేడు లేపి, మెల్లగా కొరికాడు. షెడ్డంతా పని ఆపి చూసింది. మింగెయ్యమని గొంతు లాగేస్తోంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా అరచేతిలోకి ఉమ్మేశాడు.

"పుల్లగా ఉంది సార్. లోపల కుళ్లు పట్టింది. కాలేస్తే పుటుక్కుమంటుంది."

యజమాని గొణుక్కుంటూ ఆ మెట్టునే రెండు ఇటుకల మీద పెట్టి ఎక్కాడు. అది విరిగింది. లోడు వెనక్కి పంపాడు. ఎంతమంది నడుములు ఆ నాలుక కాపాడిందో! వాళ్లకు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

మధ్యాహ్నం అన్నం తిని దుంగకు చేరగిలబడ్డ మనిషి మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నాడు వచ్చి చూసిన డాక్టరు.

"గుండె కాదు పాడూ కాదు, పొద్దున చెక్క నమిలాడుగా," అన్నారెవరో, ఇటుకల దగ్గరి మెట్టు చూపిస్తూ.

కబురంది షెడ్డుకు పరుగెత్తుకొచ్చిన భార్య చెవిన ఆ మాట పడింది. ఏడుపు కంటే ముందు ఆమెకు కోపం వచ్చింది. "మాటిచ్చి మింగేశావా?" అని అతని భుజం పట్టి ఊపింది.

ఊపుతుంటే జేబులోంచి చేతిరుమాలు జారింది. విప్పింది. మూటలో పేడు. తనకు చూపించడానికే దాచాడని ఆమెకు వెంటనే అర్థమైంది. లేచి, ఇటుకల దగ్గర పడున్న మెట్టు తీసుకుని, ఉలి లేపిన చోట పేడును పెట్టి చూసింది. ఇసుమంతైనా తగ్గలేదు. అప్పుడు భోరుమంది.

విరిగిన మెట్టు చివర, రెండు పంటిగాట్లతో, పేడు తన చోట్లో ఒదిగి ఉంది.