ఉప్పునేలలో తోడుకున్న పెరుగు

మంగినపూడి దగ్గర ఉప్పునేలలో రేడియోల ఫ్యాక్టరీ పెట్టి, దాని చుట్టూ కొత్త ఊరు కడుతున్నారని విని గుడివాడలో అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ఆ ఊరు కట్టే ఇంజనీర్లలో మా ఆయన ప్రకాశరావు ఒకరు మరి.

"ఉండి చూడు రాహేలూ. నచ్చకపోతే నేనే వెనక్కి తీసుకొచ్చేస్తాను" అన్నారు.

బస్సు దిగి చుట్టూ చూశాను. నిరుడు పీతలు తిరిగిన చోట తాడు పట్టి గీసినట్టు వీధులు, వీధి పొడుగునా కరెంటు దీపాలు. వంటింట్లో కుళాయి తిప్పితే కృష్ణ నీళ్లు వచ్చాయి. దోసిట్లో పట్టుకుని తాగాను. మనుషులు ఇంత పని చెయ్యగలరా అని కుళాయి కట్టి మళ్లీ తిప్పి చూశాను.

సాయంత్రం పాలు కాచాక గుర్తొచ్చింది. రుబ్బురోలు, ఆవకాయ జాడీ అన్నీ తెచ్చాను గానీ, తోడు వెయ్యడానికి పెరుగుచుక్క తేలేదు. అది ఎవరైనా ఊరు దాటించి తెచ్చుకుంటారా? పక్కింట్లో అడుగుతాం. ఇక్కడ పక్కిల్లు ఖాళీ, దాని పక్కదీ ఖాళీ. గిన్నె పట్టుకుని వీధి చివరిదాకా వెళ్తే ఒక్క ఇంట్లో మనుషులు కనిపించారు. కొడుక్కి ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చి దివిసీమ నుంచి ఆ పొద్దునే దిగిన మోతుబరి రైతు కుటుంబం, రావమ్మగారూ ఆవిడ కోడలు పుష్పావతీ.

"మా దగ్గరా లేదండీ. నేనే మీ ఇంటికి వద్దామనుకుంటున్నాను" అంది పుష్పావతి.

రావమ్మగారు నా పేరు అడిగారు. చెప్పాను. ఇంకేం మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయారు. పేరు విని అలా లోపలికి వెళ్లిపోవడం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"దీపాలు కొత్తవే గానీ మనుషులు పాతవాళ్లేనండీ. ఇది ఊరు అవదు. రేపు వెళ్లిపోదాం" అన్నాను ఇంటికొచ్చి.

మా ఆయన సరేనని ట్రంకుపెట్టె సర్దడం మొదలుపెట్టారు. కాదని ఉంటే పోట్లాడేదాన్ని. పారబొయ్యడానికి మనసొప్పక, గోరువెచ్చటి పాలలో నాలుగు ఎండుమిరపకాయల తొడిమలు వేసి మూతపెట్టాను. పెరుగు దొరకనప్పుడు మా అమ్మ అలా చేసేది. నాకైతే నమ్మకం లేదు.

పొద్దున మూత తీశాను. కాస్త పలచగానే అయినా తోడుకుంది. ఏ ఊరి నుంచీ తెచ్చింది కాదు, ఎవరింటి చుక్కా పడలేదు. గిన్నె ముందు అలాగే కూర్చుండిపోయాను.

గుమ్మంలో అలికిడైతే చూశాను. రావమ్మగారు, చేతిలో గిన్నె.

"పాలు ఏం చేశావమ్మాయ్?"

చెప్పాను. ఆవిడ వంగి పెరుగు కేసి చూశారు. తర్వాత తన గిన్నె ముందుకు చాపారు.

"ఇది మా ఇంటిదండీ" అన్నాను, తర్వాత మాట రాకూడదని.

"ఈ ఊళ్లో ఇంకెవరింటిది ఉందే" అన్నారావిడ.

ఒక చెంచా చాలు. రెండు వేశాను.

బందరు బస్సుకని మా ఆయన ట్రంకుపెట్టె అరుగు మీదకి చేర్చి ఉంచారు. లోపల పెట్టెయ్యమన్నాను.