గాలి కుళాయి

చలపతిరావు కారుకి రివర్సు గేరు లేదు. దానికి పెట్టింది మోటార్‌సైకిల్ ఇంజను, మోటార్‌సైకిల్ వెనక్కి నడవదు. వెనక్కి వెళ్లాలంటే దిగి తోసుకోవాలి. ఆయన దాన్నొక లోపంగా ఎప్పుడూ అనుకోలేదు.

ఎక్కడో గుద్దుకుని మూలపడ్డ విదేశీ బండి ఇంజనునీ, పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చిన రెండు సీట్ల కారునీ కలపడానికి, మేడ్చల్‌లో ఇంటి పక్క రేకుల షెడ్డులో ఆరేళ్ల ఆదివారాలు గడిపాడు. ఆ ఆదివారాల్లో సగం తనవని భార్య కామేశ్వరమ్మ అభిప్రాయం. ఆ మాట ఆవిడ పైకి అన్నదీ లేదు, మరిచిపోయిందీ లేదు.

2004లో కారు కదిలింది. ఇంజను వెనక, రేడియేటరు ముందు. మధ్యలో వేడినీళ్ల గొట్టం కామేశ్వరమ్మ కాళ్ల పక్కనుంచి పోయేది. కాలనీ చుట్టూ తిరిగిన మొదటి రోజే ఆవిడ మడమ కాలి బొబ్బెక్కింది. చలపతిరావు నిజంగానే బాధపడ్డాడు. గొట్టాన్ని ఆవిడ సీటు పక్కన మోకాలెత్తుకు లేపి, అవతల మళ్లీ కిందికి దించాడు. చూడ్డానికి ముచ్చటగా కుదిరింది. తరవాత రెండుసార్లు శామీర్‌పేట చెరువు చూద్దామని బయల్దేరారు. రెండుసార్లూ ఇంజను ఉడికిపోయి కారు రైల్వే గేటు దగ్గర ఆగింది. రెండుసార్లూ కామేశ్వరమ్మ పట్టుచీరతో ఆటోలో ఇంటికొచ్చింది.

"మూడోసారి ఆగిందంటే ఇనుప కొట్టుకి పంపించెయ్యండి," అంది. కోపంగా అనలేదు. అందుకే ఆయనకి భయమేసింది. సరేనని మాటిచ్చాడు.

ఫ్యాను మార్చాడు. రేడియేటరు మార్చాడు. ఏదీ పనిచెయ్యక, చివరికి అహం చంపుకుని, బావి మోటార్లు బాగుచేసే మొగులయ్యని శామీర్‌పేట నుంచి పిలిపించాడు. మొగులయ్య ఇంజను నడిపించి, లేపిన గొట్టం దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"గీడ గాలి గూసున్నది సారూ. నీళ్లెట్ల పోతయి?"

"నిండా పోశాను కదయ్యా."

"పోసిన్రు. గాలి పోవాలె గద. పొలంల పైపు గట్టెక్కి దిగిన కాడ గిట్లనే అయితది. కిందికి దించున్రి."

"దించితే ఆవిడ కాలు కాలుతుంది."

మొగులయ్య గొట్టాన్ని చూశాడు, కామేశ్వరమ్మని చూశాడు. గొట్టం వంపు మీద చిన్న ఇత్తడి కుళాయి బిగించి, దాని మూతికి రబ్బరు ట్యూబు తగిలించి కారు కిందికి వదిలాడు.

"ఇగ వేడి ముల్లు మీదికెక్కితే గిది తిప్పాలె. గాలి వోయి నీళ్లొస్తే బందువెట్టాలె. నాలుగైదుసార్లు వదిల్తె గని గాలంత పోదు. అమ్మనే తిప్పాలె, సారుకు చెయ్యందదు."

కారుకి శిక్ష వేసిన మనిషి చేతిలోనే దాని ప్రాణం పెట్టి మొగులయ్య వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం రైల్వే గేటు దాటారు. ద్రాక్షతోటలు మొదలయ్యే చోట వేడి చూపే ముల్లు పైకి కదిలింది. చలపతిరావు చూశాడు. ఆవిడ కూడా చూసిందని ఆయనకి తెలుసు. కుళాయి తిప్పమని అడగడానికి నోరు రాలేదు. ఆరేళ్లపాటు ఒక్క మాటైనా అడక్కుండా షెడ్డులోకి వెళ్లిపోయినవాడు, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు?

"ఈ యేడు కాపు బాగున్నట్టుంది," అంది కామేశ్వరమ్మ తోటలు చూస్తూ.

"అవును," అన్నాడు.

ముల్లు ఎర్రగీత తాకింది. కామేశ్వరమ్మ ఇంకొక తోట పూర్తిగా చూసి, పట్టుచీర కొంగు చేతికి చుట్టుకుని కుళాయి తిప్పింది. గాలి బుసకొట్టింది, తరవాత నీళ్లు కారాయి. కట్టేసింది. ముల్లు మెల్లగా దిగింది.

చలపతిరావుకి కళ్లు మసకబారాయి. తుడుచుకుందామని కారు పక్కకి తియ్యబోయాడు.

"ఆపకండి. ఆగితే ఇనుప కొట్టే. నేను మాట మార్చను."

ఆయన ఆపలేదు. చెరువు వచ్చింది. అక్కడా ఆపడానికి ఆయనకి ధైర్యం చాల్లేదు.

"చెరువు దాటిపోతోందండీ," అంది కామేశ్వరమ్మ, కుళాయి మీంచి చెయ్యి తియ్యకుండానే.