గోరింటాకు మీద నెపం

ఆషాఢం వచ్చిందంటే ఆపరేషన్ థియేటర్లో నాకు ఒళ్లు మండేది. అమీర్‌పేటలో సందు సందుకీ కంప్యూటర్ కోచింగ్ బోర్డులు లేచిన రోజులవి. ఆ సందుల్లోనే పదిహేను పడకల నర్సింగ్ హోమ్ మాది. పంజాగుట్ట పెద్దాసుపత్రుల్లో ఎన్ని మిషన్లున్నాయో గానీ, మత్తులో ఉన్నవాళ్ల రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపేది మాకు ఒక్కటే, అదీ పాతది. దాని క్లిప్పు వేలికి పెడతాం. అంకె తొంభై దిగితే గంట కొడుతుంది.

ఆ నెలంతా ఆడవాళ్లు గోరింటాకు చేతులతో వచ్చేవారు. ఆ ఎరుపు వల్ల క్లిప్పు అంకెను తప్పుగా తగ్గించి చూపిస్తుందని మత్తు డాక్టరు సూర్యనారాయణ గారి నమ్మకం. "గోరింటాకేనండీ, ఆ గోల ఆపండి సిస్టర్" అనేవారు. ఆ వారం నలుగురికి గంట ఆపాను.

ఐదో అమ్మాయి చంద్రిక. ఇరవై రెండేళ్లు, కోర్సు కోసం సిద్దిపేట నుంచి వచ్చి హాస్టల్లో ఉంటోంది. అపెండిక్స్ ఆపరేషన్. మత్తిచ్చే ముందు నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నన్ను జర చూస్తుంటవా?"

"ఫికర్ చెయ్యకు బిడ్డా, నీ తలకాడనే ఉంట."

గొంతులో గాలి గొట్టం వేశారు. సర్జన్ అడిగితే బల్లను తలవైపు కిందికి వంచాం. కాసేపటికి గంట మోగింది. ఎనభై ఎనిమిది.

"గోరింటాకే" అన్నారు సార్. అలవాటుగా గంట నోరు నొక్కేశాను. అంకె ఎనభై నాలుగుకి దిగింది.

మాటిచ్చాను కదా, మనసు ఊరుకోలేదు. గ్లవ్ తీసి క్లిప్పు నా వేలికి పెట్టుకున్నాను. మొన్ననే పెట్టుకున్న గోరింటాకు, చంద్రికకన్నా ఎర్రగా పండింది. తొంభై ఎనిమిది!

"సార్! నా వేలికి సుత గోరింటాకే ఉన్నది, చూడుండ్రి!"

ఆయన మొహం పాలిపోయింది. స్టెతస్కోపు పెడితే ఎడమవైపు ఊపిరి వినిపించలేదు. బల్ల వంచినప్పుడు గొట్టం లోపలికి జారి, ఒక్క ఊపిరితిత్తికే గాలి పోతోంది. కాస్త వెనక్కి లాగారు. క్లిప్పు మళ్లీ చంద్రిక వేలికి పెట్టి, అంకె ఎక్కేదాకా దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

సాయంత్రం చంద్రిక కళ్లు తెరిచింది. "చూసినవా అక్కా?" అంది. "చూసిన" అన్నాను గానీ, సిగ్గుతో దాని మొహంలోకి చూడలేకపోయాను.

మర్నాడు గోరింటాకుతో ఆపరేషన్‌కి రాకూడదని బోర్డు రాయించమన్నారు సార్. నాకు మండిపోయింది.

"గోరింటాకు ఏం జేసింది సార్? గంట నోరు నొక్కింది నేను. నా పేరు రాయుండ్రి."



"నొక్కమన్నది నేను కదా, స్వరాజ్యం గారూ" అన్నారు.