ఆరువేల మూడొందల కిలోమీటర్ల దగ్గరి దారి

విమాన సంస్థ ఆఫీసులో ఆమెను అందరూ స్కేలమ్మ అనేవారు. పైలట్ల కోసం దారి గీసి, ఎంత ఇంధనం పోయాలో లెక్క తేల్చడం ఆమె ఉద్యోగం. ఆ సంస్థ విమానాలు నడిపే రెండు దూరపు నగరాల మధ్య ఆరువేల వంద కిలోమీటర్లు. దారిపొడుగునా ఎదురుగాలి. ఇంధనం చాలక మధ్యలో ఒకచోట దిగాల్సిందే. ప్రయాణం మొత్తానికి పదకొండు గంటలు పట్టేది.

స్కేలమ్మ మూడేళ్ళపాటు గాలుల వివరాలు కూడబెట్టింది. దక్షిణంగా వంపు తిరిగి వెళ్తే రెండొందల కిలోమీటర్లు ఎక్కువే. కానీ గాలి వెనకనుంచి తోస్తుంది, ఎక్కడా ఆగక్కర్లేదు.

“దూరం పెంచి టైం తగ్గిస్తావా? బయట అనకు, నవ్విపోతారు,” అన్నాడు మేనేజరు.

“నవ్వనీండి సార్. ఒక్కసారి పంపి చూడండి.”

ఇంట్లో అత్తగారిదీ అదే అనుమానం. “చుట్టూ తిరిగెళ్తే ముందెలా చేరతారే?”

“ఎదురుగాలిలో ఎప్పుడైనా సైకిలు తొక్కారా అత్తయ్యా?”

“తొక్కాను. తల ప్రాణం తోకకొచ్చింది.”

“ఇదీ అంతే.”



చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే చివరికి మేనేజరు దిగొచ్చాడు. అందరికంటే సీనియరైన కెప్టెన్ తానే నడుపుతానన్నాడు. ఉదయం ఆరింటికి విమానం లేచింది.

నాలుగో గంటలో కెప్టెన్ నుంచి కబురొచ్చింది. “నువ్వు చెప్పిన గాలి ఇక్కడ లేదమ్మా. పాతచోట దిగాలంటే ఇంకో ఇరవై నిమిషాల్లోపే మళ్ళాలి. ఏం చేద్దాం?”

మేనేజరు వెనకే నిలబడి, “దింపెయ్, పరువైనా దక్కుతుంది,” అన్నాడు.

ఆమె తెరమీద తాజా గాలుల పటం తెరిచింది. గాలి ఎక్కడికీ పోలేదు, రాత్రికి రాత్రి పైకి జరిగింది. నాలుగు గంటల ఇంధనం ఖర్చయి విమానం ఇప్పుడు తేలికపడింది, ఇంకా ఎత్తుకు ఎక్కగలదు.

“రెండువేల అడుగులు పైకి వెళ్ళండి సార్. పది నిమిషాల్లో గాలి అందకపోతే పాతచోటే దిగిపోండి, తప్పు నాది.”

ఆరు నిమిషాలు గడిచాయి. ఎవరూ కుర్చీ కూడా కదపలేదు.

“అందింది,” అన్నాడు కెప్టెన్. “వీపుమీద చెయ్యేసి నెడుతున్నట్టుంది.”

లేచిన ఏడు గంటల నలభై నిమిషాలకు చక్రాలు నేలకు తాకాయి. అత్యవసరానికని తప్పనిసరిగా ఉంచే నిల్వ పోగా మరో ఇరవై రెండు నిమిషాల ఇంధనం మిగిలింది. ఆఫీసంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. స్కేలమ్మ ముఖం రెండు చేతుల్లో దాచుకుని నవ్వింది, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. “నేను పొరపాటు పడ్డానమ్మా,” అని అందరి ముందూ అన్నాడు.

మరుసటి నెల టైంటేబుల్లో ఆ రెండు నగరాల పేర్ల ఎదురుగా ‘మధ్యలో ఆగదు’ అని అచ్చయింది.