మలీద ఏ బల్ల మీద

కల్పన టీచర్ బల్లలకు మతాల పేర్లు అంటించింది. హిందూ, ఇస్లాం, క్రిస్టియన్, సిక్కు. అవతలి వరసలో దేశాలు. ఇటలీ, చైనా, మెక్సికో. రెండో తరగతి పిల్లలకు వంటలతో ప్రపంచాన్ని నేర్పుతారట. కోరుట్లలో నా బిడ్డ శ్రీవాణి తన కూతురు సహస్రను చదివించే బడి అది.

ఏం నేర్పారో చూశాను. ఇటలీ బల్ల మీద బేకరీ పిజ్జా. చైనా బల్ల మీద బస్టాండు బండి మంచూరియా, నూనె కారుతూ. క్రిస్టియన్ బల్ల మీద కేకు, ధర చీటీ కూడా పీకలేదు. మెక్సికో అంటే చిప్స్ పొట్లం చించి పళ్లెంలో పోయడం. ఒక్క ఇంట్లో కూడా పొయ్యి వెలిగినట్లు లేదు. టమాటా సాసు, సెంటు, చెమట, మూడు వాసనలూ గదిలో కలిసిపోయాయి. ఫోటోలు అయ్యేదాకా పిల్లలు తినకూడదు. ఈగలు తింటున్నాయి.

ఎవరు ఏ బల్లకు వంట తేవాలో చీటీలు తీయిస్తే సహస్రకు ఇస్లాం వచ్చింది. వారం కింద ఆ చీటీ చూసి శ్రీవాణి తల పట్టుకుంది.

"హోటల్ల బిర్యానీ తెప్పిస్త బాపూ. ఎవలు జూస్తరు?"

"వద్దు. మలీద చేద్దం."

"నువ్వా? చాయ గూడ పెట్టుకోరాదు నీకు."

నిజమే. నా భార్య సుమిత్ర ఉన్నన్నాళ్లు నేను పొయ్యి దగ్గరికి పోలేదు. సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసి రావడం, కంచం ముందు కూర్చోవడం, అంతే తెలుసు. శ్రీవాణి కడుపున పడాలని సుమిత్ర మొహర్రంలో ఎత్తే పీరీలకు మొక్కింది. బిడ్డ పుట్టాక ప్రతి పీరీల పండుగకు మలీద చేసి, పీరీకి కట్టే దట్టీ బట్టతో పాటు తీసుకుపోయేది. పద్మశాలి ఇంట్లో ఆ మొక్కు ఏమిటని మా వాడలో ఎవరూ అడగలేదు. అందరి ఇళ్లలోనూ ఉండేది. ఆమె పోయి నాలుగేళ్లు. అప్పటి నుంచి కోరుట్లలో బిడ్డ దగ్గరే ఉంటున్నాను. శ్రీవాణి మొక్కు మానేసింది. నేనూ అడగలేదు. ఈ పిల్లకైనా అమ్మమ్మ ఏం చేసేదో, ఎవరికి పెట్టేదో తెలియాలనుకున్నాను. ఇంకే ఆశా లేదు నాకు.

ఆ రోజు పొద్దున శ్రీవాణి గోధుమ రొట్టెలు కాల్చి ఇచ్చింది. నేనూ సహస్రా వేడి మీదే నలిపాము. బెల్లం, నెయ్యి, ఎండుకొబ్బరి కుడుక తురుము, ఇలాచి పొడి. పిల్ల వేళ్లు నోట్లో పెట్టుకోబోయింది.

"ఆగు. ఫాతెహా సదివినంక తినాలె. గందాక ఎంగిలి జెయ్యద్దు."

"ఫాతెహా అంటేంది తాతా?"

"మనం నైవేద్యం పెట్టి మొక్కుతం జూడు, గసోంటిదే. పీరీలకు."

"పీరీలు మనోళ్లా, వాళ్లోళ్లా?"

"అందరోళ్లు."

పిల్ల చేతులు కడుక్కుంది. బడికి చేరేదాకా డబ్బా మూత తీయలేదు.

ఇస్లాం బల్ల వెనక థర్మకోల్ ఒంటెను నిలబెట్టారు. సహస్ర తలకు ఎవరిదో పచ్చ చున్నీ చుట్టారు. బడి ఆయమ్మ ఖాజాబీ బకెట్టు పట్టుకుని గోడవారగా నిలబడి ఉంది. ఇస్లాం గురించి ఆమెను ఎవరూ ఒక్క మాట అడిగినట్లు లేదు. సహస్రే పిలిచింది.

"ఆయమ్మా, నీకు ఫాతెహా సదువత్తదా? సదువకుంటే తినద్దంట."

ఖాజాబీ డబ్బాలోకి తొంగి చూసింది. "అరె, మలీద! ఎవలు జేసిన్రే?"

"నేను, తాత."

"పీరీల పండుగ ఎప్పుడో పాయె గదన్నా," అంది నాతో నవ్వుతూ.

"పండుగ పోయినా పోరి పోనిస్తలేదు," అన్నాను.

ఆమె చేతులు తుడుచుకుని కొంగు తల మీద కప్పుకుంది. పెదవులు కదిలాయి. సహస్ర కూడా కళ్లు మూసుకుంది.

అప్పుడే ధనుంజయ్ వచ్చాడు. ఎరువుల దుకాణం అతనిది. కొడుకు ఇదే తరగతి.

"ఏంది టీచర్ గిది? వంటలని జెప్పి నమాజులు జేపిస్తున్నరా? గిందుకేనా మేం పిల్లలను బడికి తోలేది?"

కల్పన టీచర్ పరుగున వచ్చింది. "అయ్యో, ఓన్లీ కుకింగే సార్!" డబ్బా చూసి ఊపిరి పీల్చుకుంది. "గిది మలీద గదా! సద్దుల బతుకమ్మకు మేం గూడ జేస్తం. హిందూ ఐటెం సార్. సహస్రా, రాంగ్ టేబుల్."

"కాదు టీచర్. పీరీలది. తాత జెప్పిండు."

ధనుంజయ్ నా వైపు తిరిగాడు. "పెద్దమనిషీ, మీరు పద్మశాలోళ్లే గదా? మీ ఇంట్ల గిది ఎవలికి పెడ్తరు?"

ఫోన్లు పట్టుకున్న తల్లులందరూ ఇటు తిరిగారు. శ్రీవాణి నా మోచెయ్యి నొక్కింది. "ఊకో బాపూ. లొల్లి వద్దు."

ఊరుకున్నా సరిపోయేది. నేను ఊరుకోలేదు.

"బతుకమ్మకే," అన్నాను. "పోరి తెల్వక అంటంది."

ఖాజాబీ పెదవులు ఆగాయి. కొంగు దించుకుంది. "నాకు పనున్నది," అని బకెట్టు ఎత్తుకుని పోయింది.

"తాతా, పొద్దుగాల పీరీలకన్నవ్ గదా?"

డబ్బా ఎత్తి హిందూ బల్ల మీద పెట్టాను. ధనుంజయ్ మొదటి ముద్ద తీసి నోట్లో వేసుకున్నాడు. "మస్తుంది పెద్దాయనా," అని వేళ్లు నాకాడు.

తరువాత చప్పట్లు కొట్టారు. సంప్రదాయ వంటకు మొదటి బహుమతి అని సహస్ర చేతిలో రంగుల కాగితం పెట్టారు. పిల్ల మొదట నవ్వలేదు. ఫోటో కోసం నవ్వమంటే నవ్వింది. రెండోసారి ఎవరూ చెప్పకుండానే నవ్వింది.

పిల్లలను తినమన్నారు. సహస్ర పక్కన కూర్చుని చదువుకునే ఆఫ్రీన్ కాగితం ప్లేటు పట్టుకుని వచ్చింది. ఆ పిల్లకు చీటీలో మెక్సికో పడిందట.

"నాకింత పెట్టు సహస్రా. మా నానమ్మ గూడ జేస్తది గిది."

సహస్ర డబ్బా మూత పెట్టింది. రెండు చేతులతో నొక్కి పట్టుకుంది.

"నీకు పెట్టద్దు. గిది మాది. మీది గా ఒంటె టేబుల్."

ఆఫ్రీన్ ఖాళీ ప్లేటుతో నిలబడింది. కల్పన టీచర్ చూసి కూడా పిజ్జా ముక్కలు పంచుతూనే ఉంది. నేను నోరు తెరిచాను.

సహస్ర నా ముఖంలోకి చూసింది. "కరెక్టే జెప్పిన గదా తాతా?"