నలభై నిండాక

ఎల్కానా మాస్టారికి పుస్తకాలు ఎంచడమంటే పెళ్లికొడుకును ఎంచినంత పట్టింపు. మేనకోడలు తిర్జాకి పెళ్లికొడుకును ఎంచే అవకాశం ఆయనకు దక్కలేదు, ఆ పిల్లే ఎంచుకుంది. ఆ ఉక్రోషమంతా పుస్తకాల మీద తీర్చుకోవాలని, కొత్త దంపతులు అద్దెకు తీసుకున్న ఇంటికి కావలసినవన్నీ జాబితా రాసుకుని, ఆ పిల్లను వెంటబెట్టుకుని బయల్దేరాడు. కొత్త ఇంట్లోకి మంచం కంటే, పొయ్యి కంటే ముందు రొట్టె, ఉప్పు, పుస్తకాలు అడుగుపెట్టాలి. యెరూషలేములో ఆ సంగతి చంటిపిల్లలకు కూడా తెలుసు. తల్లి ఉంటే పుస్తకాలు తల్లే తెచ్చేది. తిర్జా తల్లి నెహామా పోయి రెండేళ్లయింది. ఆమె మాస్టారికి పద్నాలుగేళ్లు చిన్నదైన చెల్లెలు, తండ్రి పోయాక ఆయన చేతుల్లో పెరిగిన పిల్ల. అందుకని ఆ పని మేనమామ మీద పడింది.

సంత వెనక సందులో పిన్‌హాస్ కొట్టు. ముసలాయన కొట్టులో పుస్తకాలు ఎక్కువ, నిలబడే చోటు తక్కువ. మాస్టారు జాబితా చూస్తూ ఒక్కొక్కటీ దింపించాడు. రోజువారీ ప్రార్థనలవి రెండు, పండుగ ప్రార్థనలవి నాలుగు, వంటింటి నియమాలది ఒకటి, కోపం తగ్గించుకోవడం గురించి ఒకటి. ఆ చివరిది పెళ్లికొడుకు కోసమన్నాడు.

"నాక్కూడా ఒకటి తీసుకో మావయ్యా, నీ పక్కన పెరిగాను కదా" అంది తిర్జా. తర్వాత కట్ట మీద చెయ్యి వేసి నిలబడింది. "ఇవన్నీ మంచివే. కానీ అన్నీ ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చెప్పేవే. ఎందుకో చెప్పేది ఒక్కటీ లేదా?"

మాస్టారు పై అర వైపు గడ్డం ఎత్తి చూపించాడు. దేవుడి మర్మాలు, ఆత్మ ప్రయాణాలు, సృష్టి రహస్యాలు అన్నీ అక్కడ దుమ్ము కప్పుకుని ఉన్నాయి.

"అవి నలభై నిండాక."

"నాకు ఇరవయ్యే. అంతదాకా దేవుడు ఆగుతాడా?"

"ఆగుతాడు. ఆయనకేం తొందర?"

అది ఆయన కల్పించిన మాటేం కాదు. బుద్ధి కుదురుకోకుండా ఆ పుస్తకాల జోలికి పోకూడదని పెద్దలు పెట్టుకున్న కట్టుబాటు. పాటించేవాళ్లు పాటిస్తారు, మానేవాళ్లు మానేస్తారు. మాస్టారు మాత్రం ఇంట్లో ఆడపిల్లల దగ్గర దాన్ని గడియ వేసినట్టు వాడేవాడు.

కట్టకు తాడు చుడుతున్న పిన్‌హాస్ చేతులు ఆగాయి. లోపలి గదిలోకి వెళ్లి, గోధుమరంగు కాగితంలో చుట్టిన పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని మీద నెహామా పేరు ఉంది, నెహామా చేతిరాతే.

"ఇది కొని పదకొండేళ్లయింది మాస్టారూ. 'మా అన్నయ్య నలభై నిండాలన్నాడు. ఇంట్లో ఉంటే నేను విప్పకుండా ఉండలేను. మీ దగ్గరే ఉంచండి, నిండిన రోజున వచ్చి పట్టుకెళ్తా' అని చెప్పి వెళ్లింది. బతికుంటే కిందటి నెలకి ఆమెకు నలభై నిండేవి కదా. మీ ఇంటికి తెచ్చిద్దామనుకున్నా. కాళ్లు రాలేదు."

తిర్జా కాగితం విప్పింది. పాత అచ్చు పుస్తకం. కొన్నవాళ్లే కోసుకుని చదవాల్సిన పుటల అంచులు ఇంకా కొయ్యలేదు. మడతలు మడతలుగానే అతుక్కుని ఉన్నాయి. ఒక్క పుట కూడా ఎవరూ చదవలేదని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

"నువ్వు చదివావా మావయ్యా ఇది?"

మాస్టారు ఏదో అనేలోపే పిన్‌హాస్ అందుకున్నాడు. ముసలాయనకు పాత సంగతులు చెప్పడమంటే మహా సరదా.

"చదవకపోవడమేంటమ్మా! ఇరవయ్యారేళ్లకే ఇలాంటి ప్రతే ఒకటి కోటు కింద దాచుకుని పట్టుకెళ్లారు. జోరువాన. తడుస్తుందేమోనని నా సంచి కూడా ఇచ్చాను."

మాస్టారు జాబితా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పిన్‌హాస్‌కి అప్పుడు అర్థమైంది, ఏం చేశాడో. తాడు ముడి విప్పి, మళ్లీ వేశాడు.

"అమ్మకి తెలుసా?" అంది తిర్జా.

"ఒకసారి నా నోరు జారిందమ్మా" అన్నాడు ముసలాయన, తల ఎత్తకుండా. "నవ్వింది. 'తెలుసు, పరుపు కింద ఎప్పుడో చూశా. ఆయనంతట ఆయన చెప్తాడేమోనని చూస్తున్నా' అంది."

మాస్టారు వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. పొట్లం ఇక్కడ పెట్టాక తొమ్మిదేళ్లు బతికింది. ప్రతి శుక్రవారం రాత్రి సబ్బాతు భోజనం దగ్గరా ఎదురుగా కూర్చుని, చేపల పళ్లెం అందిస్తూ, ఆయన ఎప్పుడు చెప్తాడా అని చూసిందన్నమాట.

ఇద్దరూ కొత్త ఇంటికి నడిచారు. పుస్తకాల కట్టలు ఆయన చేతుల్లో, రొట్టె, ఉప్పు, రొట్టె కోసే కత్తి, తల్లి పొట్లం ఆ పిల్ల చేతుల్లో. ఇంటి తాళం తీసింది కానీ గడప దాటలేదు. అడ్డంగా నిలబడి వెనక్కి తిరిగింది.

"వీటిని తేవాల్సింది మా అమ్మ. అమ్మ బదులు నువ్వొచ్చావు. లోపలికి రావాలంటే ముందు నాకు నిజం చెప్పాలి. ఎందుకు ఆపావు?"

"అది కట్టుబాటు తల్లీ. పెద్దవాళ్లు..."

"కట్టుబాటు సంగతి నేనడగలేదు. నీ సంగతి అడుగుతున్నా."

మెట్ల మీద నిలబడ్డ మాస్టారికి కట్టలు బరువెక్కాయి. కింద పెట్టడానికి వీల్లేదు, ఆ పుస్తకాలు నేల తాకకూడదు. ఈ పిల్ల రానివ్వకపోతే వాటిని మోసుకుంటూ వెనక్కి వెళ్లాలి. చెల్లెలి కూతురి ఇంటి గడప జన్మలో మళ్లీ తొక్కలేనని ఆయనకు తెలిసింది.

"నాకు అర్థం కాలేదే" అన్నాడు.

"ఏంటి?"

"ఆ పుస్తకం. మూడుసార్లు చదివా. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. మీ అమ్మ ఏడేళ్లప్పుడే ప్రశ్నలడిగి నాచేత నీళ్లు నమిలించేది. ఆ పుస్తకం దాని చేతికిస్తే మర్నాటికల్లా నా దగ్గర సరుకు లేదని తెలిసిపోయేది. వీధిలో అందరూ మాస్టారూ అంటారు, ఇంట్లో చెల్లెలి ముందు తెలివితక్కువవాణ్ని కావడం నాకు ఇష్టం లేకపోయింది. అంతే. దేవుడికీ దానికీ ఏ సంబంధం లేదు."

తిర్జా పక్కకు జరిగింది.

ఇంట్లో కుర్చీ లేదు, బల్ల లేదు. రొట్టె, ఉప్పు కిటికీ గట్టు మీద, పుస్తకాలు గోడ అరలో పెట్టి, ఇద్దరూ గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నారు. తిర్జా పొట్లంలోని పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని కత్తి ఆయనకిచ్చింది. ఆయన మొదటి మడత కోశాడు. అంచు వంకరగా వచ్చింది. ఆ పిల్ల గట్టిగా చదివింది. రెండో వాక్యం దగ్గరే ఆగింది.

"దీనర్థమేంటి?"

"నాకు తెలీదు" అన్నాడు మాస్టారు.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఏమీ కూలిపోలేదు. ఆ పిల్ల మొహంలో ఎగతాళి లేదు. వేలు వాక్యం మీదే ఉంచి, ముందుకీ వెనక్కీ చూస్తూ తనే ఆలోచించుకుంటోంది. ఇంతటి దానికి ఆయన చెల్లెల్ని చచ్చేదాకా వాకిట్లో నిలబెట్టాడు. ఒక్కసారి తెలీదని ఉంటే, ఎన్ని శుక్రవారాలు ఇలా కూర్చునేవాళ్లు!

"అమ్మైతే ఏమనేది మావయ్యా?"

"నువ్వు కాస్త జరుగన్నయ్యా, నేను చూస్తాను అనేది."

చెప్పడమైతే నవ్వుతూనే చెప్పాడు. ఆ వెంటనే మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. తిర్జా ఊరుకోమనలేదు. ఆయన ఒళ్లో పడి ఉన్న కత్తి తీసుకుని, రెండో మడత తనే కోసింది.