మోకాళ్ల మందు

మా ఆయన ముప్పై ఏళ్లుగా మందుల సీసాలకు లేబుళ్లు అచ్చేసే ప్రెస్సులో పని చేస్తున్నాడు. అక్షరం వంకరగా పడితే షీటు మొత్తం చించి పారేసే మనిషి. అంత చేయి తిరిగినవాడు కాబట్టే నన్ను నిలువునా ముంచగలిగాడు.

నేను ఇంటి ముందు గదిలో పిల్లలకు సంగీతం చెబుతాను. రెండు నెలల కిందట పై స్థాయిలో గొంతు జారింది. జలుబనుకుని ఉప్పునీళ్లు పుక్కిలించాను. ఇంకా కిందికి దిగింది. ఫోనులో కూతురు, "నాన్నా, అమ్మకివ్వు" అంది. గడ్డం కింద నల్లటి వెంట్రుకలు మొలిచాయి.

ఇవాళ డాక్టరమ్మ నా రక్తపరీక్ష కాగితం చూసి, "మీ ఇంట్లో ఎవరైనా మగ హార్మోను మందు వాడుతున్నారా?" అని అడిగింది. పక్కనే ఉన్న మా ఆయన తల దించుకున్నాడు.

ఆసుపత్రి మెట్ల మీద నిలదీస్తే కక్కాడు. తనకు ఒంట్లో నీరసం, నా పక్కన పడుకోవాలంటే భయం. పరీక్ష చేస్తే హార్మోను తక్కువని తేలిందట, భుజాలకు రాసుకోమని జెల్ ఇచ్చారట. నాకు తెలిస్తే చులకనైపోతానని, ప్రెస్సు నుంచి మోకాళ్ల నొప్పుల మందు లేబుల్ తెచ్చి ట్యూబుకు అంటించాడు. ఆడవాళ్లు తాకకూడదన్న హెచ్చరిక ఆ లేబుల్ కింద కనపడకుండా పోయింది. నిజంగా నొప్పుల మందే అనుకుని నేను రోజూ రెండు మోకాళ్లకూ దాన్నే పట్టించాను.

"నేను రాసుకుంటున్నానని మీకెప్పుడు తెలిసింది?"

"పోయిన నెల. ట్యూబు తొందరగా అయిపోతుంటే..."

"అయితే ఏం చేశారు?"

"కొత్తది తెచ్చా."

"దానికీ లేబుల్ అంటించారా?"

అవునన్నట్టు తలూపాడు. నా ఒళ్లు భగ్గుమంది. వయసు మీద పడితే ఒంట్లో ఏదో ఒకటి తగ్గుతుంది, అందులో తప్పేముంది? ఒక్క ముక్క చెప్పి ఉంటే నేనే రోజూ గుర్తు చేసి రాయించేదాన్ని. పరువుకు పోయి పెళ్లాం గొంతు కోశాడు! మందు ఆపితే వెంట్రుకలు తగ్గొచ్చు కానీ పాత గొంతు రావడం కష్టమని డాక్టరమ్మ చెప్పేసింది.

"కాళ్లు పట్టుకుంటానే. కానీ ఇది మన మధ్యే ఉండనీ. నలుగురికీ తెలిస్తే తలెత్తుకోలేను."

"రేపు పొద్దున్నే పిల్లలొచ్చి కూర్చుంటారు. వాళ్ల ముందు నోరెలా తెరవాలో మీరే చెప్పండి!" అని అరిచాను.

మెట్ల కింద నిలబడ్డ జనం ఉలిక్కిపడి పైకి చూశారు. అరిచింది మా ఆయనే అనుకుని ఆయన వైపే చూశారు.